వైరు లేని అతుకు

మా ఆయన జాన్ బాషాకి బుద్ధి చెప్పగలిగిన మొనగాడు ఈ గుంటూరులో ఇంకా పుట్టలేదు. నేను చెప్పగలను గానీ, పెళ్ళాం మాట వింటే ఆయన పరువు పోతుందట. అందుకే జరిగింది జరిగినట్టు మీ ముందు పెడుతున్నాను. తప్పెవరిదో మీరే తేల్చండి. నేనైతే ఎప్పుడో తేల్చేశాను.

మాది మిర్చి యార్డు వెనక రోడ్డులో రేకుల షెడ్డు. గేట్లు, గ్రిల్లులు, హోటళ్ళకి స్టీలు బల్లలు, నీళ్ళ తొట్లు చేస్తాం. ఒక పక్క అమానుల్లా గారి కారం మిల్లు, ఎదురుగా కోల్డ్ స్టోరేజీ. కాయ దిగే కాలంలో ఈ రోడ్డు మీద తుమ్మకుండా నడిచిన మనిషిని చూపిస్తే నా చెవి కోసిస్తా. అలాంటి చోటికి మా ఆయన కిందటేడు లేజరు వెల్డింగు మెషీను తెచ్చి పెట్టాడు. చేత్తో పట్టుకునే తుపాకీ, దానికో లావుపాటి గొట్టం, ఆ గొట్టం చివర ఫ్రిజ్జంత పెట్టె. మీట నొక్కితే వెలుగు పోయి రేకుల అంచుల్ని కరిగించి అతికేస్తుంది. రవ్వలు ఎగరవు, పొగ రాదు, అతుకు వేలితో తడిమినా తెలియదు.

దాంతోపాటు ఇంకో చిన్న పెట్టె కూడా వచ్చింది. అది వైరు తోసే పెట్టె. అందులో సన్నటి స్టీలు వైరు చుట్ట బిగిస్తే, రెండు చక్రాలు ఆ వైరుని పట్టుకుని గొట్టంలోంచి తుపాకీ మూతి దాకా తోస్తూ ఉంటాయి. లేజరు రేకుని కరిగించిన చోటే ఆ వైరు కూడా కరిగి, సందు ఉంటే పూడుస్తుంది. మెషీను బిగించడానికి వచ్చిన మెకానిక్ ప్రభు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"చూడండి బాషా గారూ, లేజరు వెంట్రుకంత సన్నంగా ఉంటది. రేకులు రెండూ అంటుకుని ఉంటే సరే. మధ్యలో సందుంటే మాత్రం అందులోంచి దూరి అటు పోద్ది. అప్పుడు వైరు వెయ్యాల్సిందేనండి."

"వైరేసి అతికేవాడికి లేజరెందుకయ్యా? పాత వెల్డింగే చేసుకోవచ్చుగా," అన్నాడు మా ఆయన.

ప్రభు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అతను వెళ్ళగానే ఆ పెట్టె గోడ వారకి చేరింది. ఎత్తు సరిపోయింది కాబట్టి నేను దాని మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేదాన్ని.

రేకులు కోసేటప్పుడు మా ఆయన్ని మీరు చూడాలి. గ్రైండరు పట్టుకుని, ఒక కన్ను మూసి, నోట్లో పాట పాడుకుంటూ కోస్తాడు. పాటలో చరణం వచ్చినప్పుడల్లా అంచు వంకర పోతుంది. అలాంటి రెండు అంచులు కలిపితే మధ్యలోంచి చీమలు ఊరేగింపుగా వెళ్ళొచ్చు. నేను పెళ్ళికి ముందు నుంచీ జాకెట్లు కుట్టేదాన్ని. ఉండబట్టలేక ఒకరోజు అన్నాను.

"సూది ఒక్కటే పెట్టి, దారం లేకుండా కుట్టే టైలర్ని నిన్నే చూస్తున్నానయ్యా."

"కుట్టుకీ వెల్డింగుకీ పోలికేందే?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుకోనీ. నవ్విన నాపచేనే పండుతుంది.

ఇంతలో చర్చి తొట్టి పని వచ్చింది.

ఈ తొట్టి ఎందుకో తెలియాలంటే మీకు రెబ్కమ్మ తెలియాలి. కోల్డ్ స్టోరేజీ గోడ నీడన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటుంది. నాకు పెద్దమ్మ వరస. చుట్టరికం ఏమీ లేదు, నోటి వరసే. నా కాన్పు రోజున మా ఆయన ఆటో కోసం రోడ్డున పడి పరిగెడుతుంటే, నన్ను పట్టుకుని కూర్చున్నది ఆవిడే. అలాంటి మనిషికి ఒకటే దిగులు. పుట్టినప్పటి నుంచీ చర్చికి వెళ్తోంది గానీ బాప్తిస్మం కాలేదు. వాళ్ళ చర్చిలో నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోని వాళ్ళకి ప్రభువు బల్లలో పాలు లేదు. నెలకోసారి అందరికీ రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు ఈవిడ ఆఖరి చాప మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. మనవరాలు ఆరాధన కూడా లేచి వెళ్ళి తీసుకుని వస్తుంది. ఈవిడ మాత్రం తలొంచుకుని చాప పుల్లలు గిల్లుతూ ఉంటుంది. నేనొకసారి వాళ్ళ పండక్కి వెళ్ళి కళ్ళారా చూశాను.

దీనికంతటికీ కారణం కాలవ. ఆవిడ పడుచుతనంలో అందరితోపాటు బాప్తిస్మానికి కాలవలో దిగింది. అప్పటి పాస్టరు నోరు తెరిచి మాట మొదలుపెట్టేలోపే పైనుంచి వదిలిన నీళ్ళు వచ్చి ఆవిడ కాళ్ళు లాగేశాయి. వంతెన దాకా కొట్టుకుపోయింది. అక్కడ గేదెలు కడుక్కుంటున్న వాళ్ళు జుట్టు పట్టి ఒడ్డుకి ఈడ్చారు. నిలువునా మునిగింది, కడుపు నిండా తాగింది, ప్రాణం పోయి వచ్చింది. తీరా ఆ పాస్టరు గారు ఏమన్నారో తెలుసా?

"నేను మాటలు చెప్పకముందే మునిగావమ్మా. ఇది చెల్లదు. మళ్ళీ దిగు."

రెబ్కమ్మ దిగలేదు. "నీళ్ళు నిలబడి ఉంటే దిగుతా. నడిచే నీళ్ళలోకి ఈ జన్మలో దిగను," అంది. ఆ తర్వాత పాస్టర్లు మారారు గానీ ఆ మాట మారలేదు. ఇప్పుడున్న ప్రేమదాసు గారు మెత్తటి మనిషి. కోపం వస్తే మంచినీళ్ళు తాగి కూర్చునే రకం. ఆవిడ మాట విని, "నీళ్ళు నిలబడే ఏర్పాటే చేద్దాం" అని పెద్దల్ని ఒప్పించి మా షెడ్డుకి వచ్చారు.

"బాషా గారూ, నడుము లోతు నీళ్ళు పట్టే స్టీలు తొట్టి కావాలండీ. రెబ్కమ్మ గారికి మోకాళ్ళు వంగవు. బయట మెట్లు, లోపల కూడా మెట్లు ఉండాలి. ఈస్టర్ నాటికి కావాలి."

"ఉంటయ్యండీ. చుక్క బయటికొస్తే నా పేరు జాన్ బాషా కాదు," అన్నాడు మా ఆయన.

ఎదురుగా తొడిమలు తీస్తున్న రెబ్కమ్మ అది విని కాయలు వదిలేసి వచ్చింది. మా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఒరేయ్ బాషా, ఈసారన్నా నేను ముందు చాప మీద కూర్చోవాలిరా."

ఆ మాట మా ఆయన్ని నిజంగానే తాకింది. అన్నం కూడా షెడ్డులోనే తిని పని చేశాడు. ఎంత కష్టపడితే ఏం, వైరు లేకుండానే చేశాడు. గోడలు, అడుగు, నాలుగు మూలలు, అన్నీ ఒట్టి లేజరుతో అతికేసి, అద్దంలా మెరుగు పెట్టాడు. లోపలి మెట్లు డొల్ల పెట్టెలా చేసి అడుక్కి అతికాడు. వచ్చిన వాళ్ళందరి చేతా అతుకులు తడిమించాడు. మెకానిక్ ప్రభుకి ఫొటోలు పంపాడు. నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

నీళ్ళు పట్టిన పొద్దున తొట్టి కింద నేలంతా తడి.

"చెమట," అన్నాడు మా ఆయన.

"స్టీలుకా?"

"లోపల చల్లటి నీళ్ళు, బయట ఎండ. చెమట పట్టదా? కూల్‌డ్రింకు సీసాకి పట్టట్లా?"

పాస్టరు గారు, ఇద్దరు సంఘ పెద్దలు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఒకాయన చెమటే అన్నాడు. ఇంకొకాయన చెమటయితే మడమల దాకా ఎందుకుందని అడిగాడు. పాస్టరు గారు జేబు రుమాలుతో తుడిచి చూశారు. తుడిచిన చోటే మళ్ళీ తడి.

"చెమటయితే తుడిస్తే కాసేపన్నా ఆగాలి కదండీ?"

"ఎండాకాలం కదండీ. ఆగదు," అన్నాడు మా ఆయన, కళ్ళార్పకుండా.

రెబ్కమ్మ వంగలేక వంగి, వేలితో ఆ తడి తీసి నాలిక మీద పెట్టుకుంది.

"చెమట ఉప్పగా ఉండాలిరా బాషా. ఇయ్యి మంచినీళ్ళే."

మా ఆయన తొట్టి వంక, రెబ్కమ్మ వంక చూసి, "సరే, ఎక్కడో చిన్నది ఉండుంటది. పట్టేస్తా," అన్నాడు. కానీ పట్టేదెలా? కారిన నీళ్ళు అతుకు వెంబడి పాకి, ఇంకెక్కడో బొట్టు కడుతున్నాయి. కన్నం ఒకచోట, తడి ఇంకోచోట.

పెళ్ళికి ముందు ఆయన ఏదో బాయిలర్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ అతుకుల మీద ఎర్రరంగు కొట్టి, తుడిచి, తెల్లపొడి చల్లేవారట. కన్నం ఎక్కడుంటే అక్కడ తెలుపు మీద ఎరుపు ఊరుతుంది. ఆ డబ్బా కోసం ఊరంతా ఫోన్లు చేశాడు. హైదరాబాదు నుంచి రావాలన్నారు. ఈస్టర్ నెత్తి మీద ఉంది. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి మిల్లు వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

"ఎర్రరంగేగా కావాల్సింది," అన్నాడు. "గుంటూరులో ఎరుపుకి కరువా?"

"ఏవయ్యా, నీకేమన్నా పిచ్చా? బట్టలకేసే రంగు కలుపుకోరాదూ?"

"రంగైతే స్టీలుకి మరక పడద్ది. పాస్టరు అయ్యగారు ఊరుకుంటారా? కారమైతే కడిగితే పోద్ది."

అదీ ఆయన తెలివి. ఈ తెలివి ఇంకో ఊళ్ళో మనిషికి రాదు, వచ్చినా అంత కారం దొరకదు. అమానుల్లా గారు మిల్లు నేల ఊడ్చిన కారం బస్తా ఇచ్చారు. అంతా తేజ కాయ కారం. ఊరికే ఊడిస్తేనే ఊరంతా దగ్గుతుంది. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, నా గులాబీరంగు చున్నీలో వడకట్టి తొట్టిలో పోశాడు. మా అక్క పెట్టిన చున్నీ అది. అడిగితే "పాతది కదే" అన్నాడు. తొట్టి బయటంతా సున్నం పూశాడు.

ఘాటు లేచింది. కోల్డ్ స్టోరేజీ కూలీలు, కారంలోనే పుట్టి పెరిగిన వాళ్ళు, వాళ్ళు కూడా మూతులకి కొంగులు కట్టుకున్నారు. ఆటోవాళ్ళు మా ముందు హారను కొట్టడం మానేసి తుమ్ముతూ వెళ్ళారు. పావుగంటలో తెల్లటి సున్నం మీద ఎర్రటి గీతలు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు. మూలల్లో, అడుగు అంచున, గోడల నిలువునా. ఎక్కడెక్కడ పాటలో చరణం వచ్చిందో అక్కడల్లా ఎరుపు ఊరింది.

మా ఆయన తుమ్మడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు.

"దారం," అన్నాను నేను. ఒక్క మాటే అన్నాను. అంతకంటే ఎక్కువ అంటే అల్లా కూడా క్షమించడు.

ఇక ఆ కారం నీళ్ళు పారబొయ్యడం ఎక్కడ? అంతలో తెల్లారేసరికి ఆ వార్త పొలాల దాకా పోయింది. ఇలియాస్ అనే రైతు ట్రాక్టరులో డ్రమ్ములేసుకుని వచ్చాడు. ఆయన మిరపతోటకి నల్లతామర పురుగు. కొట్టని మందు లేదు, పురుగు మాత్రం పోలేదు. నీళ్ళన్నీ తోడుకుని వెళ్ళి కొట్టాడు. పురుగు రాలిపోయిందట, రెండో రోజున మళ్ళీ వచ్చాడు.

"బాషా అన్నా, ఇట్టా కారే తొట్లు ఇంకేమన్నా ఉన్నాయా?"

మా ఆయన ఆయన్ని కొట్టకపోవడం నా అదృష్టం.

అప్పుడు నేను లేచాను. నేను లేస్తే గానీ ఆ పెట్టె బయటికి రాదు కదా, దాని మీద కూర్చుంది నేనే. మా ఆయన దాన్ని మెషీను పక్కకి లాక్కుని, వైరు చుట్ట బిగించి, గొట్టంలో పెట్టి, ప్రభుకి ఫోన్ చేశాడు. ఫోన్ నా చేతికిచ్చి స్పీకరు పెట్టమన్నాడు.

మొదటి అతుకుకి వైరు మరీ గబగబా వచ్చి, కరగకుండా తుపాకీ మూతిలోంచి సేమియాలా బయటపడింది. వేగం తగ్గించాడు. ఈసారి వైరు అందక, కరిగింది కాస్తా ఉండ కట్టి రాలిపోయింది. రెంటికీ మధ్యలో పెట్టాడు. అతుకు పడింది గానీ, దాని నిండా బుడగలు. ముట్టుకుంటే దోసెలా చిల్లులు చిల్లులు. పైగా ఆ వెలుగు పడగానే ఘాటు.

"వైరు మీదేమన్నా ఉందాండీ?" అంది ఫోన్లోంచి ప్రభు గొంతు.

ఏముంటుంది, గుంటూరు ఉంటుంది. ఏడాదిగా మూత లేకుండా పడున్న చుట్ట. మిల్లు దుమ్మంతా దాని మీదే పేరుకుంది. నేను కుట్టు మిషను నూనె తుడిచే గుడ్డముక్క తెచ్చి, దాన్ని వైరు పెట్టెలోకి దూరే చోట మడిచి, బట్టలారేసే క్లిప్పుతో బిగించాను. వైరు ఆ గుడ్డలోంచి లాక్కుంటూ తుడుచుకుని వెళ్ళాలి. గుడ్డ చూస్తుండగానే ఎర్రబడింది. నాలుగు గుడ్డలు మార్చాక వైరు తెల్లగా మెరిసింది. బుడగలు ఆగాయి.

ఇంకో చిక్కు మిగిలింది. వైరు ముందుకి తోసుకుంటూ వస్తుంటే అది తుపాకీని వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుకి తగ్గట్టు చెయ్యి వెనక్కి జరుపుకుంటూ పోవాలట. "మీరు లాగమాకండి బాషా గారూ, అది తోసిన కాడికి పోనివ్వండి," అని ప్రభు మొత్తుకున్నాడు. మా ఆయన ఎవరు తోసినా వెనక్కి తగ్గే రకమా? వైరు తోస్తుంటే ఈయన ఎదురు తోశాడు. వైరు వంగి గొట్టంలోనే ముడి పడింది. ముడి తీసి మళ్ళీ మొదలు. సాయంత్రానికి ఒళ్ళంతా చెమట పట్టి, ఇక ఓపిక లేక, చెయ్యి వదులు చేశాడు. అప్పుడు వెళ్ళింది చూడండి అతుకు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, సందన్నది లేకుండా. ఆయన మొహంలో సంతోషం చూసి నా కోపం కాస్త దిగింది.

గోడలు అయిపోయాయి, అడుగు అయిపోయింది. నేను లోపలికి తొంగి చూశాను.

"మెట్లకి వెయ్యవా వైరు?"

"మెట్ల కింద ఏముంది? గాలి. గాలిలోకి నీళ్ళు పోతే ఎవడికి నష్టం?" అన్నాడు. వైరు వేసిన అతుకు కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఆ మెట్ల మీద ఒక్కచోటైనా తన నున్నటి అతుకు కనపడాలని ఆయన కోరిక. ఆ సంగతి అప్పుడే గ్రహించాల్సింది.

మళ్ళీ కారం నీళ్ళు పోశాం. ఈసారి సున్నం పూసింది పూసినట్టే తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. రెబ్కమ్మ చుట్టూ తిరిగి చూసుకుని, సున్నం అంటిన వేళ్ళతో మా ఆయన బుగ్గలు నిమిరింది. నీళ్ళు వదిలేసి, నేనే సబ్బుపొడితో, చింతపండుతో రుద్ది రుద్ది కడిగాను. మంచినీళ్ళు పోసి దోసిట్లో పట్టుకుని తాగి కూడా చూశాను. కారం వాసన లేదు. ఆ తర్వాత తొట్టిని చర్చి ఆవరణకి చేర్చారు. అక్కడ షామియానా వేసేదాకా ఎర్రటెండలో మాడింది.

ఈస్టర్ పొద్దున మమ్మల్ని ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తొట్టి షామియానా కింద మెరిసిపోతోంది, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. బాప్తిస్మం తీసుకునే వాళ్ళు తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. ముందు మార్క్ అనే కుర్రాడు, గ్రానైటు లారీ డ్రైవరు, మనిషి బీరువా అంత. ఆఖరున రెబ్కమ్మ, తెల్లచీరలో, ఆరాధన చెయ్యి పట్టుకుని.

పాస్టరు గారు ముందు దిగి మధ్యలో నిలబడ్డారు. ఆయన సన్నటి మనిషి కాబట్టి మెట్టు ఊరుకుంది. తర్వాత మార్క్ లోపలి మెట్టు మీద కాలు పెట్టాడు. ఠంగుమని చప్పుడయింది. మెట్టు కింద నుంచి ఎర్రటి తీగ ఒకటి నీళ్ళలోకి పాకుతూ వచ్చింది.

"మెట్టు," అన్నాడు మా ఆయన, చచ్చిన గొంతుతో.

రెండుసార్లు కారం నీళ్ళు పోశాం కదా, అవి వైరు లేని ఆ అతుకు చిల్లుల్లోంచి మెట్ల డొల్లలోకి దూరాయి. నీళ్ళు వదిలేసినా అవి బయటికి రాలేదు. డొల్లలోనే నిలవుండి, ఎండకి ఉడికి, రసమయ్యాయి. ఇప్పుడు మార్క్ బరువుకి రేకు అణిగి, సాసు సీసా నొక్కినట్టు ఆ రసం బయటికి చిమ్ముతోంది.

మేం నోరు తెరిచేలోపే పాస్టరు గారు మార్క్‌ని ముంచి లేపారు. మార్క్ పెట్టిన కేక యార్డు దాకా వినపడి ఉంటుంది. అది భక్తి అనుకుని పాట పాడేవాళ్ళు గొంతు పెంచారు, తప్పెట జోరందుకుంది. మార్క్ మెట్టు కూడా ఎక్కకుండా ఒక్క గెంతులో బయటపడి కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. పాస్టరు గారి కళ్ళ వెంట ధారలు. అది చూసి ముందు చాప ఆడవాళ్ళు కూడా ఏడవడం మొదలుపెట్టారు. ఘాటు షామియానాకి తగిలి కిందికి దిగింది. అప్పుడు పాటలో తుమ్ములు, తుమ్ముల్లో దగ్గులు. తెల్లబట్టల వరస వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనింది.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని, గాలిలో చేతులు ఆడిస్తూ, "వచ్చే ఆదివారం చేద్దాం... వచ్చే ఆదివారం..." అంటున్నారు.

అందరూ తప్పుకున్న దారిలో రెబ్కమ్మ ఒక్కతే ముందుకి వచ్చింది. నేను ఎదురెళ్ళి చేతులు చాపాను.

"పెద్దమ్మా, వద్దు. అవి కారం నీళ్ళు. మీ అల్లుడి నిర్వాకం."

"నీళ్ళు నిలబడే ఉన్నాయా?"

"ఉన్నాయి గానీ..."

"కారం నాకు కొత్తేంటే? జరుగు."

ఆవిడ బయటి మెట్లు ఎక్కింది. లోపలి మెట్టు మీద కాలు పెట్టింది. ఠంగ్. రెండో మెట్టు. ఠంగ్. చీర చుట్టూ నీళ్ళు నారింజరంగుకి తిరిగాయి. పాస్టరు గారు కళ్ళు నులుముకోబోతుంటే ఆవిడ గదమాయించింది.

"కళ్ళు నలపమాకయ్యా! ఆ చేతులతో అసలు ముట్టమాకు. రెండూ పైకెత్తి ఉంచు. ఆఁ, అట్టా."

ఆయన బుద్ధిగా చేతులు పైకెత్తారు. తర్వాత ఆవిడ తలకోసం తడుముతూ షామియానా గుంజని పట్టుకున్నారు. రెబ్కమ్మ ఆ చెయ్యి తీసి తన నడినెత్తిన పెట్టుకుంది.

"ఇదిగో నా తల. మాటలు ముందు చెప్పు. ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని."

ఆయన మాటలన్నీ చెప్పారు. దగ్గుతూ, చీదుతూ, ఒక్కటి కూడా మింగకుండా చెప్పారు. తప్పెట ఆగిపోయింది. ఆవిడ ముక్కు పట్టుకుని, కళ్ళు బిగించి, మోకాళ్ళు వంగకపోయినా వంచి, కొప్పు కనపడకుండా మునిగింది. లేచింది. కేక లేదు, గెంతు లేదు. మొహం మీది నీళ్ళని ముట్టుకోకుండా కారనిచ్చి, నిదానంగా మెట్లెక్కి బయటికి వచ్చింది.

"మిరపకాయల్లో మగ్గిన ఒళ్ళు. మంటేం తెలుస్తది ఆవిడకి," అన్నాడు సంఘ పెద్ద. అందరూ అవునన్నారు. నేనూ అవుననే అనుకున్నాను.

పాస్టరు గారిని వెంటనే బ్రాడీపేట కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే ఆయన ఒప్పుకోలేదు. ముందు బల్ల అన్నారు. వాచిపోయిన కళ్ళతో, ఆరాధన మోచెయ్యి పట్టుకుని రొట్టె పళ్ళెంతో వచ్చారు. రెబ్కమ్మ ముందు చాప మీద, తడిచీరతోనే కూర్చుని ఉంది. కళ్ళు తెరవకుండానే రెండు చేతులూ చాపింది. రొట్టె ముక్క అరచేతిలో పడింది. దాన్ని నోట్లో పెట్టుకుని ఎంతసేపు నమిలిందో. ద్రాక్షరసం తాగి, గ్లాసు ఇవ్వడం మర్చిపోయి పట్టుకునే ఉంది.

ప్రార్థన అయ్యాక ఆవిడని వేపచెట్టు కిందికి తీసుకెళ్ళాను. మా ఆయన ఎక్కడి నుంచో బిందెడు మజ్జిగ తెచ్చాడు. ఆవిడ కళ్ళు తెరిచింది. రెండూ పండుమిరపకాయలు. నాకు భయం వేసింది.

"పెద్దమ్మా, నీక్కూడా మండిందా?"

"మండదంటే? నేనేమన్నా రాయినా? గుడ్లు ఊడి పడతయ్యేమో అనుకున్నా."

"మరి ఒక్క కేకన్నా వెయ్యలేదేం? బయటికి లాగేవాళ్ళంగా!"

"అందుకేగా వెయ్యంది. కేకేస్తే అయ్యో పాపం అని లాగేస్తారు. అయ్యో పాపం అనటం మీ అందరికీ బాగా వచ్చు. నాకు రొట్టె కావాలి."

నేను మజ్జిగ చెంబు కింద పెట్టేసి, ఆ తడిభుజం మీద తల పెట్టి ఏడ్చాను. మా ఆయన బిందె ముందు గొంతుక్కూర్చుని ఆవిడ కాళ్ళ మీద మజ్జిగ పోస్తూ ఉన్నాడు.